న్యాయపీఠము – రాజకీయ పక్షములు

వ్యాజ్యెమున గెలిచినవాడు న్యాయస్థానమును మెచ్చుకొనుటలో వింత లేదు. ఓడినవాడు సైతము తన వాదము నిష్పక్షపాతముగా విన్నారని యొప్పుకొని యింటికి మరలినప్పుడే ఆ న్యాయస్థానము ప్రజావిశ్వాసమునకు పాత్రమైన దనవలెను. తీర్పు చెప్పినవారికి ఏదో యొక రాజకీయపక్షముతో పొత్తున్నదను శంక పుట్టిన పిదప ఆ విశ్వాసము నిలువజాలదు.

ఈ విషయమున ముందుగా మనవారినే పరీక్షించుట ధర్మము. ఆంధ్ర హైకోర్టునకు ప్రథమ ప్రధాన న్యాయమూర్తియై, పిదప భారత ప్రధాన న్యాయమూర్తి పదవి నలంకరించిన కోకా సుబ్బారావుగారు తెలుగువారికెల్ల గర్వకారణము. పార్లమెంటు సవరణద్వారా సైతము ప్రాథమిక హక్కులను హరింపజాలదని 1967 ఫిబ్రవరి 27వ తేదీన గోలక్‌నాథ్ వ్యాజ్యెములో పదునొకండుగురు న్యాయమూర్తులలో ఆరుగురు తీర్పు చెప్పిరి. ఆ యారుగురిలో వీరు ముఖ్యులు. ఏప్రిల్ నెలలో వీరు పదవిని త్యజించి, ప్రతిపక్షముల యభ్యర్థిగా రాష్ట్రపతి యెన్నికకు నిలిచి, జాకీర్ హుస్సేన్‌గారి చేతిలో పరాజితులైరి. తీర్పున దోషమున్నదని మేమనుట లేదు. కాని తీర్పునకును అభ్యర్థిత్వమునకును నడుమనున్న యా స్వల్ప వ్యవధియే గిట్టనివారి యాక్షేపణకు తావిచ్చినది.

పాలకపక్షముల వైపునను ఉదాహరణములకు కొదువ లేదు. కాంగ్రెసు పక్షమున రాజ్యసభలో నుండిన బహరుల్ ఇస్లాంగారు 1972లో గౌహతి హైకోర్టు న్యాయమూర్తియైరి. 1980లో సుప్రీంకోర్టునకు వచ్చి, 1983లో రాజీనామా చేసి, ఆ యేడే ఆ పక్షముననే రాజ్యసభకు మరలిరి. అబ్దుల్ నజీర్‌గారు 2023 జనవరిలో సుప్రీంకోర్టునుండి విరమింపగా, మరుసటి నెలలోనే కేంద్రప్రభుత్వము వారిని ఆంధ్రప్రదేశ్ గవర్నరుగా నియమింపజేసినది. ఎవరి సత్ప్రవర్తనమును మేము శంకించుట లేదు. అయినను, రేపటి పదవి నేటి తీర్పులో దాగియున్నదేమోయని సామాన్యుడు తలపోసిన, వానిని తప్పుపట్టుట యెట్లు?

కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ పదవి వీడినవారు మరల ప్రభుత్వోద్యోగము స్వీకరింపరాదని రాజ్యాంగము 148వ అధికరణమున శాసించినది. సుప్రీంకోర్టు న్యాయమూర్తి విరమించిన పిదప ఏ కోర్టునందును వాదింపరాదని 124వ అధికరణము చెప్పుచున్నదిగాని, పదవులనుగూర్చి మౌనము వహించినది. ప్రభుత్వపు లెక్కలు చూచువానికి గల నిర్బంధము ప్రజల హక్కులు తేల్చువానికి వలదా?

పదవి విడిచిన మూడేండ్లవరకు న్యాయమూర్తులు పక్షరాజకీయములందుగాని, ప్రభుత్వ మొసగు పదవులందుగాని ప్రవేశింపరాదని శాసనము కావలెను. అనుభవజ్ఞులైన న్యాయమూర్తులు తప్పక కావలసిన ట్రిబ్యునళ్లను మాత్రము మినహాయింపవచ్చును. శాసనము వచ్చువరకు న్యాయమూర్తులు ఈ నియమమును స్వయముగా పాటించుటకు ఎవరి యనుమతియు నక్కరలేదు.