గోడ మీద నుంచి యేసును ఎవరు దించారు?

హాల్లో సోఫా పైన ఫ్రేము కట్టిన యాబ్‌స్ట్రాక్ట్ ప్రింటు ఇప్పుడు ధర్మపురి జిల్లా కడత్తూరు వంటి చోట్లా వింత కాదు. నీలం మీద బంగారు గీత, బూడిదరంగు వలయాలు. ఆన్‌లైన్‌లో ఆర్డరు పెడితే ఇంటికే వస్తుంది. కొనుక్కోవడం మీద మాకు పేచీ లేదు. పేదవాడి గోడకు క్యాలెండరు చాలుననే పెద్దమనుషుల మాట మాకు గిట్టదు. గుడివాడలో పుట్టిన ఎస్.వి. రామారావు నైరూప్య చిత్రాలతోనే ప్రపంచమంతా పేరు తెచ్చుకున్నారు. రంగుల తప్పేమీ లేదు.

మేం అడిగేది ఒక్కటే. ఆ మేకుకు అంతకుముందు ఏ పటం వేలాడేది?

దళిత క్రైస్తవుల ఇంట్లో అయితే యేసు, పక్కన అంబేడ్కర్. ఆ పటాలు బీరువా వెనక్కి వెళ్ళేది అభిరుచి మారి మాత్రమే కాదు, భయంతో కూడా. విచారణకు వచ్చే అధికారికి గోడే సాక్ష్యం. రామనాథపురంలో క్రైస్తవుణ్ణి పెళ్ళాడిన ఒక దళిత డాక్టరమ్మ క్లినిక్‌లో సిలువ కనిపించిందని మతం మారినట్టు తేల్చి, ఆమె ఎస్సీ సర్టిఫికెట్ రద్దు చేశారు. 2021లో మద్రాసు హైకోర్టు ఆ రద్దును కొట్టేసింది. ఇంట్లో యేసు పటం ఉన్నంత మాత్రాన మతం మారినట్టు కాదని 2023లో బొంబాయి హైకోర్టు కూడా చెప్పాల్సి వచ్చింది.

సంతోషమే. కానీ ఆ తీర్పులు కాపాడింది మతం మారనివాళ్ళను. నిజంగా బాప్తిస్మం తీసుకున్నవాళ్ళ మాటేమిటి? 1950 ఆగస్టు 10 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా వాళ్ళను ఎస్సీ జాబితా నుంచి బయట పెట్టింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు తలుపు తీశారు. క్రైస్తవులకూ ముస్లిములకూ తీయలేదు. తమిళనాడులో మనల్ని బీసీల్లో కలిపి చేతులు దులుపుకున్నారు. మతం మారితే కులం పోతుందట! తిరుచ్చి మేలపుదూరులో దళిత క్రైస్తవుల సమాధులను వేరుచేస్తూ కట్టిన గోడను వెళ్ళి చూడమనండి.

పిల్లల చదువు కోసం పటం దించిన తల్లిని ఆదివారం ప్రసంగంలో 'విశ్వాసం దాచుకునేవాళ్ళు' అని ఎత్తిపొడిచే పాస్టర్లూ ఉన్నారు. అయ్యగారూ, ఆ తల్లి మీద చూపించే కోపం మూడో పేరా మీద చూపించండి. వచ్చే ఆగస్టు 10న నల్లబ్యాడ్జీ పెట్టుకుని పులిపీఠం ఎక్కండి, ఆ పేరా రద్దు కోరుతూ సంఘం మొత్తం చేత సంతకాలు పెట్టించండి. మొదటి సంతకం మీది కావాలి.