ఫోటో ముచ్చట్లు: నడిచే పులి, ఆగిన ఫోకస్

తాడోబా చూచివచ్చిన మన సభ్యులు ఫోటోలు తెచ్చి మాకు చూపుతుంటారు. వెనుకనున్న వెదురుపొద స్పష్టం. ఎదురుగా నడిచివచ్చే పులి మసక! తరచు కారణమిదే: ఒకసారి కుదిర్చిన ఫోకస్ అక్కడే ఆగుతుంది, పులి ఆగదు.

అందుకే వెంబడించే ఫోకస్ పెట్టుకోవాలి. దానిని నికాన్ వారు ఏఎఫ్-సీ అంటారు, కానన్ వారు సర్వో అంటారు. బటను సగం నొక్కిపట్టి, గురి పులి కంటిమీద నిలిపి, దానితోపాటే కెమేరా తిప్పాలి. షట్టరు నడకకు సెకనులో 500వ వంతు, పరుగుకు 1000వ వంతు ఉంటే మేలు. ముందుగా వీధిలో సైకిలు తొక్కే పిల్లలపై సాధన చేయండి.

ఒక్క విన్నపం. ఇంకా దగ్గరకు పోనిమ్మని జిప్సీ డ్రైవరును తొందరపెట్టకండి. 1955లో జాతీయవనమైన ఆ అడవిలో దారి పులిదే. మనం అడ్డుపడితే అది పొదలోకి పోతుంది; ఫోటోయూ పోతుంది.