తగ్గిన బరువు నిలవాలి

పెళ్లిళ్ల కాలం దగ్గరపడితే వికారాబాద్‌లోనైనా, తాండూరులోనైనా బరువు తగ్గాలన్న తొందర మొదలవుతుంది. నెలకు పది కిలోలంటూ ఫోన్లో ఎవరో చెప్పింది విని అన్నం, రొట్టె బంద్ పెడతారు. బరువు తగ్గుతుంది. పాత తిండి మొదలుకాగానే మళ్లీ పెరుగుతుంది. అప్పుడు ఇంటిల్లిపాదీ ఆ మనిషినే తప్పుపడతారు, నోరు కట్టుకోలేదని. ఆ నింద అన్యాయం.

తిండి ఒక్కసారిగా తగ్గితే శరీరం దాన్ని కరువుగానే లెక్కిస్తుంది. ఆకలి పుట్టించే హార్మోన్లు పెరుగుతాయి, కడుపు నిండిందని చెప్పేవి తగ్గుతాయి. ఆస్ట్రేలియాలో 50 మందికి పది వారాలు బాగా తక్కువ తిండి పెట్టి చూశారు. ఏడాది గడిచినా ఆ హార్మోన్లు పాత స్థితికి రాలేదని 2011లో తేలింది. అమెరికాలో బరువు తగ్గే టీవీ పోటీలో పాల్గొన్న 14 మందిని ఆరేళ్ల తర్వాత పరీక్షిస్తే, వారి ఒంటికి తగ్గ లెక్క కన్నా రోజుకు సుమారు 500 కేలరీలు తక్కువే ఖర్చవుతున్నాయని 2016లో బయటపడింది.

ఇంకో నష్టం త్రాసు మీద కనబడదు. గబగబా తగ్గినప్పుడు కొవ్వుతోపాటు కండ కూడా పోతుంది. తిరిగి వచ్చేదాంట్లో ఎక్కువ భాగం కొవ్వే. రక్తంలోని చక్కెరను ఎక్కువగా వాడుకునేది కండ కాబట్టి, అది తగ్గితే షుగర్ అదుపు కష్టమవుతుంది. బరువు బాగా ఊగిన గుండె రోగుల్లో గుండెపోటు, పక్షవాతం, మరణాలు ఎక్కువగా కనిపించాయని 2017లో 9,500 మందికి పైగా రోగుల వివరాలు చూసిన పరిశోధకులు చెప్పారు. ఊగిసలాటే కారణమని దాంతో రుజువు కాలేదు. కాబట్టి లావుగానే ఉండిపోదామనుకోవడమూ తప్పే.

2017-18లో వీరమాచనేని రామకృష్ణ చెప్పిన ఆహార పద్ధతి రెండు తెలుగు రాష్ట్రాల్లో ఊరూరా పాకింది. అన్నం మాని కొబ్బరినూనె, నిమ్మరసం పట్టిన ఇళ్లు ఎన్నో. ఎవరు చెప్పినా సరే, అంత కఠినమైన నియమం ఏళ్ల తరబడి సాగించడం ఎక్కువమందికి కుదరదు. అనంతగిరి గుట్టల మీది క్షయ దవాఖానా ఎరిగిన వికారాబాద్ ప్రాంతానికి క్షయ మందు మధ్యలో ఆపితే ఏమవుతుందో కొత్తగా చెప్పనక్కర్లేదు. బరువు విషయంలోనూ అంతే, మధ్యలో ఆపని పద్ధతే పద్ధతి.

అలాంటిది మన చేతిలోనే ఉంది. షుగర్ వచ్చే ముప్పున్న 531 మందితో మన దేశంలోనే చేసి 2006లో ప్రచురించిన అధ్యయనంలో నడక, తిండి మార్పులతో ఆ ముప్పు 28.5 శాతం తగ్గింది. వారి బరువు చెప్పుకోదగ్గంత తగ్గకుండానే ఈ మేలు జరిగింది! తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు దక్కింది. ఆ పప్పు, కూరగాయలు పళ్లెంలో పెంచి అన్నం తగ్గిస్తే, కండ నిలిపే పనులు చేస్తే అది పదేళ్లయినా సాగుతుంది. వారానికి అరకిలో తగ్గితే చాలు.

నాదొక్కటే విన్నపం. నెలకు పది కిలోలని చెప్పేవారిని, రెండేళ్ల తర్వాత ఎంతమందికి నిలిచిందని అడగండి. షుగర్ మాత్రలు, ఇన్సులిన్ వాడేవారు డాక్టర్‌ని అడగకుండా తిండి మానకండి. పల్లె దవాఖానాల్లో బరువుతోపాటు నడుము కొలత రాసి, ఏళ్ల తరబడి చూడాలి. మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్తపడాల్సిందే.