హుద్‌హుద్ నేర్పిన సబఖ్: మొహల్లాకో బ్యాటరీ

2014 అక్టోబర్ 12, ఆదివారం. ఆ రోజు విశాఖ తీరాన్ని తాకిన తుఫానుకి ఒమన్ దేశం ఇచ్చిన పేరు హుద్‌హుద్. హజ్రత్ సులైమాన్ అలైహిస్సలామ్ దగ్గరికి సబా దేశపు ఖబర్ మోసుకొచ్చిన పిట్ట పేరు అది. మన ఇళ్లలో పిల్లలకు కూడా తెలిసిన ఖిస్సా. ఖబర్ తెచ్చే పిట్ట పేరుతో వచ్చిన తుఫాను మాకు ఖబరే లేకుండా చేసింది.

నేనప్పుడు హైదరాబాదులో డ్యూటీలో ఉన్నాను. అమ్మీ అనకాపల్లిలో ఒక్కతే. మూడు రోజులు ఫోన్ కలవలేదు. లోకం ఖబర్లన్నీ రాసే నాకు సొంత అమ్మీ ఖైరియత్ తెలియలేదు. కరెంటు పోయాక సెల్ టవర్ నిలబడేది బ్యాటరీ, డీజిల్ ఉన్నంతసేపే. తర్వాత ఎంత ఖరీదైన ఫోనైనా ఉత్త డబ్బానే.

హ్యామ్ రేడియోకి టవర్ అక్కర్లేదు. 5 వాట్ల చిన్న సెట్టు, చెట్టుకు కట్టిన తీగ ఉంటే, ఆకాశం అనుకూలించినప్పుడు అనకాపల్లి మాట హైదరాబాదులో వినిపిస్తుంది. కానీ దాని జాన్ బ్యాటరీలో ఉంది.

హిసాబ్ చూడండి. ఇలాంటి సెట్టు మాట్లాడేటప్పుడు సుమారు 2 ఆంపియర్లు, వినేటప్పుడు 0.4 ఆంపియర్లు తీసుకుంటుంది. గంటలో 10 నిమిషాలు మాట్లాడి మిగతాసేపు వింటే ఖర్చు 0.7 ఆంపియర్-అవర్ లోపే. 12 వోల్టుల 7 ఆంపియర్-అవర్ లెడ్ యాసిడ్ బ్యాటరీని సగానికి మించి వాడితే త్వరగా పాడవుతుంది, కాబట్టి అయిదు గంటలు. దాన్ని ఖాళీగా మూల పడేస్తే అక్కడే చచ్చిపోతుంది. అంతే సామర్థ్యమున్న లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ దాదాపు తొమ్మిది గంటలు ఇస్తుంది, బరువు సగం కూడా ఉండదు. ధర ఎక్కువే, కానీ ఏళ్లపాటు పనిచేస్తుంది. పక్కన 20 వాట్ల సోలార్ పలక ఉంటే, మబ్బు విడిచాక ఒక్క మంచి ఎండ రోజులో చాలావరకు నింపుతుంది.

"సర్కారుకి వైర్‌లెస్ ఉందిగా భాయ్" అంటారు కొందరు. ఉంది, అధికారుల పనికి. మొహల్లాలో ఎవరి ఇల్లు కూలింది, ఏ దాదీకి ఇన్సులిన్ అయిపోయింది అనే కబురు ఎవరు మోస్తారు?

లైసెన్సు లేకుండా సెట్టు ముట్టుకోవద్దు, అది జుర్మ్. 12 ఏళ్లు నిండిన పిల్లలు సైతం పరీక్ష రాయొచ్చు. హైదరాబాదులో 1983 నుంచీ హ్యామ్ రేడియో జాతీయ సంస్థ ఉంది. మొదటి మెట్టైన రిస్ట్రిక్టెడ్ గ్రేడ్‌కి మోర్స్ కోడ్ కూడా అక్కర్లేదు.

మా జమాత్ పెద్దలకు నా గుజారిష్ ఇదే: మసీదు మైక్‌కి ఇన్వర్టర్ ఇంతెజామ్ చేసుకున్నాం. ఇద్దరు నౌజవాన్లను, ఆడపిల్లలైనా సరే, ఈ పరీక్షకి పంపుదాం. ఒక సెట్టు, ఒక బ్యాటరీ కొందాం. నెలకో జుమ్మా రోజు ఛార్జింగ్ చూసే జిమ్మేదారీ ఒకరికి అప్పగిద్దాం. అది మజహబ్ చూడకుండా మొహల్లా మొత్తానికి అమానత్.

నాలుగో రోజు ఎవరి ఫోన్ నుంచో అమ్మీ గొంతు వినిపించింది: "ఖైరియత్ హై బేటా." ఆ మూడు మాటలు మోయడానికి 5 వాట్లు చాలు.