పది రోజుల్లో కాసే కాఫీ

చేతిలో పట్టుకుని ఆడే గేమింగ్ పీసీలు అరకు కొండల దాకా వచ్చేశాయి. వాల్వ్ కంపెనీ 2022లో తెచ్చిన స్టీమ్ డెక్ మన దేశానికి ఎక్కువగా బంధువుల సూట్‌కేసుల్లోనే దిగింది. 2023 జులైలో ఏసస్ వారి ఆర్‌ఓజీ ఆలై ఇక్కడి షాపుల్లోకి వచ్చింది. అప్పటి ధర 69,990 రూపాయలు. అంత డబ్బు పోసి ఎనిమిదో తరగతి పిల్లాడికి కొనిపెట్టమని నేను ఎవరికీ చెప్పను. కానీ ఊళ్లో కొనకపోయినా వస్తోంది. బెంగళూరులో ఉద్యోగం చేసే మేనమామ కొత్తది కొనుక్కుని పాత స్టీమ్ డెక్‌ను మేనల్లుడి చేతిలో పెట్టాడు. ఆ అబ్బాయిది డుంబ్రిగుడ, మా విశాఖ బ్రాంచ్ హాస్టల్లో ఉంటాడు. సంక్రాంతి సెలవుల తర్వాత పేరెంట్స్ మీటింగ్‌లో వాళ్ల నాన్నగారు నన్ను అడిగారు: "ఫోన్ ఎలాగూ లాక్కున్నాం మేడమ్. దీన్నీ లాక్కోమంటారా?"

వద్దండీ అన్నాను. ఫోన్‌లో ఫ్రీగా దొరికే ఆట, ఒకసారి డబ్బిచ్చి కొనుక్కున్న ఆట ఒకటి కావు. ఫ్రీ ఆట పిల్లాడి దగ్గర టికెట్ తీసుకోదు, టైమ్ తీసుకుంటుంది. రోజూ లాగిన్ అయితే బహుమతి, ఒక్కరోజు మానితే నష్టం. కొత్త డ్రెస్సుకీ కొత్త తుపాకీకీ డబ్బు. మధ్యలో ఆపితే టీమ్ ఓడిపోతుంది. అన్నానికి పిలిస్తే రాకపోవడం పిల్లాడి మొండితనం ఒక్కటే కాదు, ఆటను కట్టిన తీరే అది. కొనుక్కున్న కథల ఆటలు చాలావాటికి ఇదంతా అక్కర్లేదు. కంపెనీకి రావలసిన డబ్బు ముందే వచ్చేసింది. స్టీమ్ డెక్‌లో పవర్ బటన్ నొక్కితే ఆట ఉన్నచోటే నిద్రపోతుంది, అన్నం తిని వచ్చాక అక్కడినుంచే మొదలవుతుంది.

డుంబ్రిగుడ లాంటి చోట ఈ తేడా ఇంకా బాగా తెలుస్తుంది. మండలంలో కొన్ని ఊళ్లలో సిగ్నల్ కోసం గట్టెక్కాలి. నెట్ లేకపోతే ఫోన్ ఆట పనిచేయదు, పిల్లాడు సిగ్నల్ వెతుక్కుంటూ బయటే తిరుగుతాడు. డెక్‌లో అయితే పట్నంలో ఉన్నప్పుడే ఆట దించుకుని, ఒకసారి తెరిచి చూసుకుని, ఆఫ్‌లైన్ మోడ్ పెట్టుకుంటే చాలు. అక్కడికెళ్లాక దించుకుందామంటే మాత్రం కుదరదు. 100 జీబీ ఆటను రోజుకు 1.5 జీబీ డేటాతో దించాలంటే రెండు నెలలు దాటుతుంది!

ఆ అబ్బాయి ఆడేది స్టార్‌డ్యూ వ్యాలీ. దాదాపు 500 ఎంబీ చిన్న ఆట. ఎరిక్ బరోన్ అనే ఒక్క మనిషి నాలుగేళ్లకు పైగా కూర్చుని తయారుచేసి 2016లో విడుదల చేశాడు. తాతగారి పాడుబడ్డ పొలం బాగుచేసుకోవడమే కథ. అందులో కాఫీ కూడా వేయొచ్చు. గింజ నాటిన పది రోజులకు కాపు, తర్వాత రెండ్రోజులకోసారి కోత. కాఫీ తోటల మధ్య పుట్టిన పిల్లాడు ఊరుకుంటాడా? క్లాసులో ఇదే చెప్పి పడీపడీ నవ్వాడు. అయితే ఆటలో ఏమేం తప్పులున్నాయో ఇంగ్లిష్‌లో ఒక పేజీ రాసుకురా అన్నాను.

రెండు పేజీలు రాశాడు. మొక్క కాపుకు రావడానికి మూడు నాలుగేళ్లు పడుతుందని, సిల్వర్ ఓక్ నీడ ఉండాలని, ఆ చెట్లకే మిరియాల తీగ పాకిస్తారని, నవంబరు నుంచి ఎర్రబడ్డ పండ్లనే ఏరి కోయాలని రాశాడు. ఆటలో పంటను పెట్టెలో వేస్తే తెల్లారేసరికి డబ్బు వస్తుంది, మాకు కొనేవాళ్లు రావాలి అన్నాడు. నాకు బాగా గుర్తుండిపోయిన వాక్యం: ఆటలో బస్తా ఎవరూ మోయరు. వాళ్లింట్లో మాట్లాడేది ఆదివాసీ ఒడియా. తెలుగు రెండో భాష, ఇంగ్లిష్ మూడోది. టెక్స్ట్‌బుక్ పాఠం మీద ఆరు లైన్లు రాయడానికి అరగంట తీసుకునే పిల్లాడు తనకు తెలిసిన సంగతి మీద, స్పెల్లింగ్ తప్పులతోనే అనుకోండి, రెండు పేజీలు రాశాడు.

అందుకని పరికరం చేతికిచ్చి వదిలేయమని కాదు. డెక్‌లో ఫోర్ట్‌నైట్, వాలరెంట్ లాంటి ఆన్‌లైన్ కాల్పుల ఆటలు దాని సొంత సిస్టమ్ మీద నడవవు. విండోస్ ఉన్న ఆర్‌ఓజీ ఆలైలో నడుస్తాయి. కాబట్టి ఇంట్లో ఉన్నది ఏదో ముందు చూసుకోండి. మీ కార్డు, యూపీఐ వివరాలు అందులో సేవ్ చేసి ఉంచొద్దు. 2024లో వచ్చిన స్టీమ్ ఫ్యామిలీస్‌లో పిల్లల ఖాతాకు ఏ ఆటలు ఆడొచ్చో, ఎంతసేపు ఆడొచ్చో తల్లిదండ్రులే పెట్టొచ్చు. స్టార్‌డ్యూలో ఒక రోజంటే మన లెక్కలో పావుగంటకు కాస్త తక్కువ, రోజు ముగిసి పడుకుంటేనే ఆట సేవ్ అవుతుంది. "గంట" అనే బదులు "నాలుగు రోజులు" అనండి, బేరం త్వరగా తెగుతుంది. ఐదో రోజు అడుగుతాడు, తప్పదు.

హాస్టల్లోకి మాత్రం అనుమతి లేదు. సెలవులు అయ్యాక అది ఇంట్లోనే ఉండాలి, బ్యాగులో అడుగున బట్టల కింద కాదు.