సంఘ సంగీతం: పాత గిటారు కొనే ముందు



దివిసీమలోని ఒక పల్లె సంఘం యౌవనస్థులు ఈమధ్య ఒక సలహా అడిగారు. విజయవాడలో ఒకరి దగ్గర వాడిన బారిటోన్ ఎలక్ట్రిక్ గిటారు అమ్మకానికి ఉందట. పాతకాలపు నమూనాలో ఒక చిన్న తయారీదారు చేసినది. కోతపండుగ కానుకల్లోంచి కొందామని పిల్లలు అంటున్నారు. "డోలకు, తాళాలు చాలవా?" అని పెద్దలు అడుగుతున్నారు. ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది.

ముందు ఆ వాయిద్యం సంగతి చూద్దాం. తీగ పొడవూ లావూ పెరిగితే నాదం కిందికి దిగుతుంది. మామూలు గిటారులో మోగే తీగ పొడవు సుమారు 25 అంగుళాలు. బారిటోన్‌లో 27 నుంచి 30 దాకా ఉంటుంది. అందుచేత దాన్ని సాధారణంగా షడ్జం నుంచి కింది పంచమం వరకు దించి శ్రుతి చేస్తారు. 1947లో అమెరికాలో నాథన్ డేనియల్ స్థాపించిన డేన్‌ఎలెక్ట్రో సంస్థ 1950లలోనే ఇలాంటి లోతైన గొంతుగల ఆరు తీగల గిటార్లు చేసింది. నాదాన్ని పట్టే తీగచుట్టలను లిప్‌స్టిక్ గొట్టాల్లో అమర్చింది. సామాను చౌకదే అయినా నాదానికి పేరొచ్చింది. కనుక చిన్న తయారీదారు అనగానే చిన్నచూపు వద్దు. మన నూజివీడు వీణలు పనసకర్రతో చేసేదీ చిన్న పనివారే కదా!

కానీ మా సంఘంలో జరిగినది చెప్పాలి. కొన్నేళ్ల క్రితం మేమూ ఒక గిటారు కొన్నాం. వాయించే అబ్బాయి తన చేతికి వీలైన శ్రుతి పట్టాడు. ఏళ్ల తరబడి మొదటి పాట ఎత్తిన ఒక అవ్వ మౌనంగా కూర్చోసాగింది. మేమెవరం గమనించలేదు. నాలుగో ఆదివారం ఆమె రాలేదు. ఇంటికి వెళ్లి అడిగితే, "నా గొంతు అందడం లేదు నాయనా, నేనెందుకు అడ్డం?" అంది. తప్పు గిటారుది కాదు, ఆమె గొంతు వినని మాది. మరుసటి ఆదివారం శ్రుతి దించాం. పాట మళ్లీ ఆమే ఎత్తింది.

ఇక పరీక్షలు. మెడను కంటికి ఎదురుగా పెట్టి వంకర ఉందేమో చూడండి. ప్రతి మెట్టు మీదా ప్రతి తీగనూ మోగించండి. వైరు గుచ్చి కదిపితే గరగర రాకూడదు. మన డెల్టా తేమకు తీగలు త్వరగా తుప్పు పడతాయి. ఆ లావు తీగలు ఎక్కడ దొరుకుతాయో, మరమ్మతు ఎవరు చేస్తారో ముందే కనుక్కోండి. ఆంప్లిఫయరు ఖర్చూ లెక్కలో వేసుకోండి. మందిరంలో ఎర్తు సరిగా ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో తప్పక చూపించండి. ఎర్తు లేనిచోట ఒక చేత గిటారు తీగ, మరో చేత మైకు పట్టుకుంటే ప్రాణానికే ముప్పు.

చివరిగా, సొమ్ము చెల్లించకముందే ఒక సాయంత్రం ఆ గిటారును మందిరానికి తెప్పించండి. పెద్దలను పాట ఎత్తమనండి. వారి గొంతుకు తగ్గట్టు అబ్బాయిని తీగ కలపమనండి. అందరి నోటా పాట వస్తే సంతోషంగా కొనండి. రాకపోతే డోలకు ఉండనే ఉంది, కానుక సొమ్ము భద్రంగా ఉంటుంది.