వైమానికుల ఒడంబడిక

అమెరికాలోని డెల్టా విమాన కంపెనీకిని దాని వైమానికులకును 2023 మార్చిలో కుదిరిన ఒడంబడిక 2026 డిసెంబరు 31వ తేదీతో సవరణకు వచ్చునట్టిది. ఆ యొడంబడికను గూర్చి లోకమునకు తెలిసినది ప్రధానముగా ఒక్క సంఖ్యయే: నాలుగేండ్లలో నూటికి 34 వంతుల జీతపు పెంపు. అందు 18 వంతులు సంతకముతోడనే చేతి కందినవి. వోటు చేసినవారిలో నూటికి 78 మంది దాని నంగీకరించిరి. ఇంత జీతము గలవారికి ఇంకను సంఘమేల, తగవేల యని అడుగువారు మన పట్టణములలో పెక్కుమంది యున్నారు. మాకు తోచినంతవఱకు వారి తగవులో జీతము రెండవ మాట. పని యెవరిది యనునది మొదటి మాట.

అచటి చట్టపు పద్ధతిని కొంచెము తెలిసికొనవలయును. రైల్వేలకై 1926లో చేసిన చట్టమును 1936లో విమాన కంపెనీలకును వర్తింపజేసిరి. ఆ చట్టమునుబట్టి ఒడంబడికకు కాలదోషము పట్టదు; గడువు వచ్చినపుడు అది సవరింపదగినదగును, క్రొత్తది కుదురువఱకు పాతదే నడచును. సమ్మె చేయవలెనన్నచో జాతీయ మధ్యవర్తి మండలి తనవలన కాదని ఉభయపక్షములను విడిచిపెట్టవలయును. అటుపై ముప్పది దినములు వేచియుండవలయును. ఇందుచేత సంప్రతింపులు ఏండ్ల తరబడి సాగుట వాడుక. తుదకు ప్రతినిధులు యాజమాన్యముతో కూర్చుండి ఒక ముసాయిదా తెత్తురు. అది సభ్యుల వోటుకు పోవును. డెల్టా వైమానికులు 1931లో స్థాపితమైన ఎయిర్ లైన్ పైలట్స్ అసోసియేషన్ లోనివారు. ముసాయిదా చేతికి వచ్చినది మొదలు వోటు ముగియువఱకు వారిలో జరుగు వాదోపవాదములు మన శాసనసభల చర్చలకంటె నిశితముగా నుండునన్న అతిశయోక్తి కాదు.

ఈ వృత్తిలో తక్కిన వృత్తులలో లేని కష్టమొకటి కలదు. గుంటూరు వకీలు మద్రాసునకు పోయినచో తన యనుభవమును వెంట దీసికొనిపోవును. వైద్యుడును అంతే. అమెరికా వైమానికుని స్థితి అట్టిది కాదు. కంపెనీలో చేరిన నాడు అతనికొక వరుససంఖ్య ఇత్తురు. ఏ విమానము నడుపవలెను, కెప్టెన్ ఎప్పుడగును, ఏ నెలలో సెలవు, పండుగనాడు ఇంటనుండునా ఆకాశముననుండునా — అన్నియు ఆ సంఖ్యనుబట్టియే తేలును. ఆ సంఖ్య కంపెనీ గడప దాటదు. ఇరువదియేండ్లు కెప్టెనుగా నుండినవాడు కంపెనీ మూతపడి మఱియొకచోట చేరినయెడల, అచట నిన్న చేరిన యువకుని వెనుక నిలువవలసినదే. ఇట్టివారు జీతముకంటె ఎక్కువగా ఉద్యోగరక్షణకై పెనగులాడుటలో వింత లేదు.

ఆ భయమునుండి పుట్టినదే వారు స్కోప్ అని పిలుచు నిబంధన. తెలుగున పని యెల్లను నిర్ణయించు నిబంధన యనవచ్చును. కంపెనీ పేరిట అమ్మిన టిక్కెట్టుపై ఎగురు విమానమును ఆ కంపెనీ వైమానికులే నడుపవలెననుట దాని మూలసూత్రము. చిక్కంతయు మినహాయింపులలో నున్నది. పెద్ద కంపెనీలు చిన్న యూళ్ల మార్గములను ప్రాంతీయ కంపెనీలకు గుత్త కిచ్చినవి. విమానముపై పేరును రంగులును పెద్ద కంపెనీవి. లోపల నడుపువాడు తక్కువ జీతమునకు కుదిరిన వేఱొక కంపెనీ మనిషి. వ్యవసాయము తెలిసిన మా పాఠకులకు ఇది కొత్త సంగతి కాదు. ఒక రైతు చిరకాలముగా కౌలున దున్నుచున్న చేనిలో మూలనున్న మెరక చెక్కను, హెచ్చు మక్తాకు ఒప్పుకొనిన పొరుగూరివానికి భూస్వామి ఇచ్చును. మెరక చెక్కయే గదా యని పాత రైతు ఊరకుండును. మఱుసటి యేట గట్టు కొంచెము పల్లమువైపునకు జరుగును. అమెరికాలో జరిగినది అదియే. మొదట పంకాల విమానములు పోయినవి; 1990 తరువాత ఏబది యాసనముల జెట్లు, ఆపైని డెబ్బది, డెబ్బదియాఱు. 2001 సెప్టెంబరు విపత్తు వెనుక కంపెనీలు దివాలా కోర్టులకెక్కిన కాలమున గట్టు మిక్కిలిగా జరిగినది. డెల్టా 2005లో దివాలా రక్షణ కోరెను. మఱుసటి యేట దాని వైమానికుల పింఛను పథకమే రద్దయ్యెను. ఇంత జరిగినను డెబ్బదియాఱు ఆసనములు, 86,000 పౌనుల బరువు అను హద్దు మాత్రము నిలిచినది. బ్రెజిల్ లోని ఎంబ్రేయర్ కంపెనీ తన ఇ-175 విమానమునకు చేసిన ఇ-2 అను క్రొత్త రూపము ఆ బరువును మించుటచేతనే అచటి ప్రాంతీయ కంపెనీలలో చొరలేకపోయినది. కాగితముపై వ్రాసిన రెండు అంకెలు ఒక విమాన నిర్మాణశాల లెక్కలను తలక్రిందులు చేసినవి.

2012 వేసవిలో డెల్టా వైమానికుల ముందు నిలిచినది ఈ గట్టు ప్రశ్నయే. ముసాయిదాలో జీతపు పెంపు నూటికి మొదట 4, పిదప 8½, ఆ తరువాతి యేండ్లలో మూడేసి వంతులు. దానితోపాటు, ప్రాంతీయ కంపెనీల డెబ్బదియాఱు ఆసనముల జెట్లు 153 నుండి 223 వఱకు పెరుగుటకు సమ్మతి. అందులకు బదులుగా, మూడువందలకు పైబడియున్న ఏబది యాసనముల జెట్లు 125కు తగ్గవలెను. ఇంచుమించు 110 ఆసనములు గల బోయింగ్ 717 విమానములు 88 డెల్టా వైమానికుల చేతికి రావలెను. అవి వచ్చిన కొలదిని మాత్రమే అవతలివారికి క్రొత్త జెట్లు. వీటి కన్నిటికిని మించి, డెల్టా విమానముల యెగురు గంటలకును గుత్తవారి గంటలకును ఒక నిష్పత్తి వ్రాయబడినది. (ఆ 88 విమానములును మఱియొక కంపెనీ చేతినుండి ఉపకౌలుకు వచ్చినవే. కౌలు ఉపమానము మేము తెచ్చిపెట్టినది కాదని పాఠకులు గ్రహింతురు గాక!)

వ్యతిరేకుల వాదమును మేము తేలికగా త్రోసివేయజాలము. చమురు ధర పెరిగిన కాలమున ఏబది యాసనముల జెట్లు తమంతట తామే చచ్చుచున్నవి, చచ్చుచున్న గొడ్డునకు వెల కట్టి, బ్రదికి పాలిచ్చు గొడ్డును ఇచ్చివేయుటయా యనునది వారి ప్రశ్న. ఒకసారి జరిగిన గట్టు తిరిగి వెనుకకు రాలేదనియు వారి వాదము. అనుకూలురు ఒక్క విషయముపై నిలిచిరి. ఇంతవఱకు వ్రాసినవి అవతలివారికి గరిష్ఠ సంఖ్యలే. మనకు కనిష్ఠ భాగమును నిర్ణయించు నిష్పత్తి ఇపుడు దొరకినది. నూటికి సుమారు 62 మంది ఔననిరి. మా యభిప్రాయమున వారు చేసినది మంచి బేరమే. రాయి పాతిన హద్దును రాత్రికి రాత్రి జరుపవచ్చును. పంటలో ఇన్ని పాళ్లని వ్రాసికొన్న పత్రమును కళ్లమున కొలిచి చూచుకొనవచ్చును.

ఐనను ఈ గట్టు వలన మునిగిన పొలము నొకదానిని చెప్పక విడుచుట న్యాయము కాదు. కొమైర్ అను ప్రాంతీయ కంపెనీ 1977లో పుట్టినది. 2000లో డెల్టా దానిని కొనెను. దాని వైమానికులు 2001లో మెఱుగైన జీతములకై 89 దినములు సమ్మె చేసిరి. వారును ఆ అసోసియేషన్ సభ్యులే, దానికి చందా కట్టినవారే. పెద్ద కంపెనీ సభ్యుల మేలుకై మా విమానముల పరిమాణమునకు హద్దు పెట్టు అధికారము మా సంఘమునకు ఎక్కడిదని వారిలో కొందఱు ఆ యేడే సంఘముపై వ్యాజ్యము వేసిరి. 2012 ఒడంబడిక ఆమోదము పొందిన నెలకే కొమైరును మూసివేయుదుమని డెల్టా ప్రకటించెను. సెప్టెంబరు 29వ తేదీతో అది ముగిసినది. ఏబది యాసనముల జెట్లను తగ్గించుట యనగా అది. ఒకే సంఘములో ఒక సభ్యుని రక్షణ మఱియొక సభ్యుని నిరుద్యోగమగుట విషాదకరము. రెండు కంపెనీల వైమానికులను ఒకే వరుసపట్టికలో చేర్చుట సరియైన మందు. పెద్ద కంపెనీవారు ఆ మాటను ప్రీతితో విన్న జాడ మాకు కానరాదు.

ఇది వైమానికుల యింటి తగవు గదా, ప్రయాణికునకేమి యందురా? 2009 ఫిబ్రవరి 12వ తేదీ రాత్రి నూవార్కునుండి బఫెలోకు పోవు విమానము కూలి ఏబదిమంది మరణించిరి. టిక్కెట్టుపై నున్న పేరు కాంటినెంటల్. నడపినది కొల్గన్ అను గుత్త కంపెనీ. కాంటినెంటల్ వైమానికుల నిబంధన ఏబది యాసనములకు మించిన జెట్లను బయటివారికి నిషేధించినది గాని పంకాల విమానముల మాట ఎత్తలేదు. ఆ కన్నముగుండ ప్రవేశించినదే డెబ్బదినాలుగు ఆసనముల ఆ పంకాల విమానము. వేగము తగ్గినదని యంత్రము హెచ్చరించినపుడు కెప్టెన్ తప్పుగా స్పందించుటయే కారణమని విచారణలో తేలినది. స్వల్పజీతముపై నున్న సహచోదకురాలు ముందటి రాత్రి దేశపు ఆ కొసనున్న సియాటిల్ నుండి ప్రయాణము చేసి పనికి వచ్చినది. పిమ్మట 2010లో చట్టము వచ్చి, 2013 నుండి సహచోదకులకును 1,500 గంటల అనుభవము సామాన్యముగా విధింపబడినది. అంతకు పూర్వము 250 గంటలు చాలియుండెను.

ఆ 2012లోనే మన దేశమున ఇట్టి తగవే వచ్చినది. అప్పుడు ప్రభుత్వ సంస్థయైన ఎయిరిండియాలో ఇండియన్ ఎయిర్ లైన్స్ 2007లో కలిసినది. క్రొత్తగా వచ్చు బోయింగ్ 787 విమానములపై శిక్షణ ఎవరికి, తమకా, ఆ సంస్థనుండి వచ్చినవారికా యని ఇండియన్ పైలట్స్ గిల్డు వారు మే నెలలో పనికి రాక కూర్చుండిరి. అచటను ఇచటను ప్రశ్న ఒక్కటే: ఏ విమానము ఎవరిది? అచట దానిని వందల పుటల ముసాయిదాగా వ్రాసి వోటుకు పెట్టిరి. ఇచట ఐదేండ్లు నానబెట్టిరి. పిదప హైకోర్టు నిషేధము, గిల్డు గుర్తింపు రద్దు, వందకు పైబడి వైమానికుల తొలగింపు. యాబదియెనిమిది దినములకు సమ్మె ముగిసినది. తప్పు ఉభయులదియును. ఐనను వ్రాతపూర్వకమైన ఎల్ల లేకుండ రెండు సంస్థలను కలిపినవారి బాధ్యతయే హెచ్చని మా నమ్మకము.

ముసాయిదాను కాదనుట వినాశహేతువని యాజమాన్యములు భయపెట్టుట కలదు. డెల్టా వైమానికులు 2015లో లాభములలో వాటాను, జబ్బు సెలవుల నియమములను తగ్గించిన ముసాయిదాను నూటికి 65 వోట్లతో త్రోసివేసిరి. మఱుసటి సంవత్సరాంతమున దానికంటె మేలైనది వచ్చి 82 వోట్లతో నెగ్గినది. అట్లని వారు మొండివారు కారు. 2020లో మహమ్మారి వలన ఇంచుమించు రెండువేలమంది ఉద్యోగములు పోవు స్థితి రాగా, కనీస జీతపు హామీలో నూటికి ఐదు వంతులు వదలుకొని చిన్నవారిని నిలుపుకొనిరి. క్రొత్త ముసాయిదా వెలువడినపుడు పత్రికలు జీతపు సంఖ్యను మొదటి పుటలో అచ్చువేయును. మేము వెదకబోవునవి మఱి మూడు: డెబ్బదియాఱు అను అంకె, గంటల నిష్పత్తి, విదేశ కంపెనీలతో కలసి నడుపు సముద్రాంతర మార్గములలో డెల్టా వైమానికుల పాలు.